ఎనిమిది గదుల పాత ఇల్లు, రెండు రకాల బిల్లు: పుదుచ్చేరి హెరిటేజ్ హోటళ్ల లోగుట్టు

పుదుచ్చేరిలో హోటలుగా మారిన ఒక పాత ఇంట్లో రెండు కుటుంబాలు ఒకే రాత్రి బస చేశాయనుకుందాం. ఒకరి గది అద్దె 7,400 రూపాయలు, రెండోవారిది 7,600. తేడా రెండు వందలే. పొద్దున్నే పెట్టెలు సర్దుకుని బిల్లు చూసుకుంటే మొదటివారు కట్టింది 7,770, రెండోవారు కట్టింది 8,968. రెండు వందలు కాస్తా 1,198 అయింది. ఎక్కడా మోసం లేదు, లెక్కలో తప్పూ లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన జీఎస్టీ రేట్ల ప్రకారం అది సరైన బిల్లే.

ఇలాంటి చోట దిగినవారిని తికమక పెట్టేది బిల్లు ఒక్కటే కాదు. ఒకే ఇంట్లో ఒక గది పెళ్లి పందిరంత, పక్కది రైలు పెట్టంత ఎందుకు ఉంటుంది? రాత్రికి పది వేలు తీసుకునే చోట లిఫ్టు ఎందుకు ఉండదు? స్నానాల గదిలోకి వెళ్లాలంటే మెట్టు ఎందుకు ఎక్కాలి? అసలు ‘హెరిటేజ్’ అనే బిరుదు ఎవరిచ్చారు? వీటన్నిటికీ జవాబు ఒక్క చోటే ఉంది. ఆ ఇంటిని హోటలు కోసం కట్టలేదు. ఒక కుటుంబం కాపురం ఉండటానికి కట్టిన ఇంట్లోకి ఎనిమిది కుటుంబాలను, ఒకరి ఊసు ఒకరికి తెలియకుండా, రాత్రి వేళ సర్దాలి. సౌఖ్యమైనా ఇబ్బందైనా ధరైనా ఆ సర్దుబాటులోంచే పుడుతుంది.

ముందు పేర్ల సంగతి

బొటీక్ హోటల్, హెరిటేజ్ హోటల్, హోమ్‌స్టే అనే మూడు మాటలనూ ప్రకటనల్లో ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. మూడూ వేర్వేరు.

బొటీక్ హోటల్ అనేది వ్యాపారులు పెట్టుకున్న పేరు. గదులు తక్కువ, అలంకరణ ప్రత్యేకం అని చెప్పుకోవడమే తప్ప దానికి ప్రభుత్వ నిర్వచనం లేదు. నిరుడు కట్టిన కాంక్రీటు భవనం కూడా ఆ పేరు పెట్టుకోవచ్చు.

హోమ్‌స్టే అంటే యజమాని కుటుంబం అదే ఇంట్లో ఉంటూ కొన్ని గదులు అతిథులకు ఇవ్వడం. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ పథకంలో ఇలాంటి ఇళ్లకు గరిష్ఠంగా ఆరు గదుల పరిమితి ఉంది.

హెరిటేజ్ హోటల్‌కు మాత్రం అదే శాఖ వర్గీకరణ ఒకటి పెట్టింది. కోట, రాజభవనం, హవేలీ, వేట విడిది, మామూలు నివాసం, ఏదైనా సరే 1950కి ముందు కట్టినదై ఉండాలి. అందులో బేసిక్, క్లాసిక్, గ్రాండ్ అని మూడు మెట్లు. బేసిక్‌కు కనీసం ఐదు గదులు చాలు. పై రెండింటికి భవనం 1935కు ముందుదై ఉండాలి, కనీసం పదిహేను గదులు కావాలి. ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఈ గుర్తింపు తీసుకోవడం యజమాని ఇష్టం. గుర్తింపు లేనివారు బోర్డు మీద ‘హెరిటేజ్’ అని రాసుకున్నా అడిగేవారు తక్కువ. కాబట్టి ఆ మాట చూసి ఇంటి వయసు అంచనా వేయడం కుదరదు.

గదుల సంఖ్య నిబంధనను కాస్త ఆగి చూడండి. ఎంత పాతదైనా, ఎంత అందమైనదైనా ఎనిమిది గదుల ఇల్లు బేసిక్ దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా లాంటి రాజభవనాన్ని మనసులో పెట్టుకుని గీసిన గీతలు ఇవి. ఊరి మధ్య వీధిని ఆనుకుని, పక్కింటితో గోడ పంచుకుంటూ నిలబడిన ఇంటికి ఈ కొలత సరిగ్గా అతకదు. మన వ్యాసం ఆ రెండో రకం ఇంటి గురించి.

కాలువకు ఇటొక ఇల్లు, అటొక ఇల్లు

ఫ్రెంచివారు పుదుచ్చేరిలో స్థిరపడింది 1674లో. 1693లో డచ్చివారు ఊరు పట్టుకుని ఆరేళ్లు ఉంచుకున్నారు. 1761లో ఆంగ్లేయులు ముట్టడించి ఫ్రెంచి పట్టణాన్ని నేలమట్టం చేశారు. తిరిగి 1765లో ఫ్రెంచివారి చేతికి వచ్చాక మళ్లీ కట్టారు. అందుకే నేడు ‘ఫ్రెంచి కాలపు ఇల్లు’ అని చూపించే వాటిలో ఎక్కువ భాగం ఆ తర్వాతివే. వీధులు మాత్రం పాత పద్ధతిలోనే చదరంగం పలకలా ఒకదానికొకటి అడ్డంగా, నిలువుగా సాగుతాయి. మధ్యలో ఉత్తర దక్షిణాలుగా ఒక కాలువ. సముద్రం వైపున్నది ఒకప్పటి తెల్లవారి పేట, పడమట వైపున్నది తమిళ పేట.

తెల్లవారి పేటలో దుమా వీధి, సుఫ్రేన్ వీధి, రొమేన్ రోలాండ్ వీధి వెంట నడిస్తే ఇళ్లు కనిపించవు, గోడలు కనిపిస్తాయి. పసుపు రంగు వేసిన ఎత్తైన ప్రహరీ, తెల్లటి అంచులు, పెద్ద గేటు. ఆ గేటు తెరిస్తేనే లోపల తోట, స్తంభాల వసారా, కమాను తలుపులు, చెక్క రెక్కల కిటికీలు. ఇల్లు వీధికి వీపు చూపిస్తుంది.

తమిళ పేటలో దీనికి పూర్తిగా ఎదురు. ఇల్లు వీధిలోకి చేయి చాస్తుంది. ముందు బాటసారి తల మీద నీడ పట్టేలా వాలు చూరు, దాన్ని ‘తాళ్వారం’ అంటారు. దాని వెనుక ‘తిణ్ణై’, అంటే మన అరుగు. తర్వాత చెక్కుడు పనితనం ఉన్న ద్వారబంధం, లోపల ఆకాశానికి తెరిచిన ‘ముట్రం’. గోదావరి జిల్లాల మండువా లోగిలి తెలిసినవారికి ఇందులో దేనికీ వివరణ అక్కరలేదు. నడిమి వాకిట్లో వాన పడుతుంటే చుట్టూ వసారాలో పొడిగా కూర్చుని చూసే ఆ ఇల్లే ఇది, పేర్లు వేరంతే. పై అంతస్తు వేసుకునే స్థోమత వచ్చాక కొందరు ఆ పై భాగాన్ని ఫ్రెంచి తీరులో కట్టుకున్నారు. కింద అరుగు, పైన కమాను కిటికీలు. కింద తాతగారు, పైన అల్లుడుగారు ఉన్నట్టుంటుంది చూడటానికి.

ఇలాంటి కలగలుపు ఇళ్లలో పేరున్నది ఆనందరంగ పిళ్లై మేడ, 1738 నాటిదని చెబుతారు. ఫ్రెంచి గవర్నరు డ్యూప్లే దగ్గర దుబాసీగా పనిచేసి, ఆ కాలపు రోజువారీ సంగతులను దినచర్యగా రాసిపెట్టిన పిళ్లై ఈయనే. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి పెట్టిన పేరులో ఉన్న ‘ఆనందరంగడు’ కూడా ఈయనే. పుదుచ్చేరికీ తెలుగుకూ సంబంధం యానాం ఒక్కదాని వల్లే కాదన్నమాట.

ఇన్ని ఇళ్లు ఖాళీ ఎందుకయ్యాయి?

1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారత్ చేతికి వచ్చింది. చట్టపరమైన బదిలీ 1962 ఆగస్టు 16న జరిగింది. ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు కొన్ని అక్కడికే వెళ్లి స్థిరపడ్డాయి. ఇల్లు ఇక్కడ, వారసులు పారిస్‌లో. తరం మారేసరికి ఒక ఇంటికి నలుగురు వాటాదార్లు, వారి పిల్లలు పదిమంది. పైకప్పు కారితే బాగు చేయించే డబ్బు ఎవరు పెట్టాలి? మన ఊళ్లలో అమెరికా వెళ్లిన పిల్లల ఉమ్మడి ఇళ్లకు పట్టిన గతి చూసినవారికి తర్వాతి కథ తెలిసిందే. అమ్మితే కొన్నవాడు పడగొట్టి అపార్ట్‌మెంటు కడతాడు. హోటలువాళ్లకు లీజుకిస్తే ఇల్లు నిలుస్తుంది, నెలకింత చేతికొస్తుంది.

స్నానాల గది ఎక్కడ పెట్టాలి?

హోటలుగా మారే పాత ఇంటికి అసలు పరీక్ష ఇక్కడే.

పాత ఇంట్లో పడకగది పక్కన స్నానాల గది ఉండేది కాదు. నీళ్ల పని అంతా పెరట్లోనే. దానికి ఆచారం కొంత కారణమైతే, కట్టుబడి మరింత పెద్ద కారణం. ఆ గోడలు ఇటుక, సున్నంతో కట్టినవి. గానుగలో నూరిన సున్నంలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపి, పొర మీద పొర వేసి, పై పూతలో కోడిగుడ్డు తెల్లసొన చేర్చి, గులకరాయితో రుద్ది రుద్ది అద్దంలా మెరిపించేవారు. చేత్తో తడిమితే చల్లగా, నున్నగా తగులుతుంది. సున్నపు గోడ తేమను పీలుస్తుంది, తిరిగి గాలికి వదిలేస్తుంది. ఆ రెండో పని ఆగిపోతేనే చిక్కు. దాని మీద సిమెంటు పూత వేసి, ప్లాస్టిక్ రంగు కొట్టి, అవతల షవరు పెడితే లోపలికి పోయిన చెమ్మకు బయటికి దారి ఉండదు. కొన్నాళ్లకు గోడ మీద తెల్లగా ఉప్పు పూస్తుంది, రంగు పొక్కులు పొక్కులుగా లేస్తుంది. సముద్రానికి నాలుగు వీధుల దూరంలో ఆ పని ఇంకా తొందరగా జరుగుతుంది.

ఇక పై అంతస్తు. దాని నేల మద్రాసు టెర్రస్ పద్ధతిలో వేసినది. దగ్గర దగ్గరగా పేర్చిన కొయ్య దూలాల మీద చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి సున్నంతో అతుకుతారు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి పరిచి, చెక్క పలకలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరుస్తారు. కుటుంబం నడవడానికి, పడుకోవడానికి అది దుక్కలాంటి నేల. దాని మీద ఇసుక, టైల్సు, కమోడు, నీళ్ల బరువు మోపడం వేరే సంగతి. కమోడు నుంచి వచ్చే నాలుగంగుళాల గొట్టానికి వాలు కావాలి. ఆ వాలు కోసం దూలాన్ని కోస్తే పైకప్పుకు ప్రాణం పోయినట్టే.

అందుకని గొట్టాన్ని పాత నేల మీదే పరిచి, దాన్ని కప్పేలా స్నానాల గది నేలను ఎత్తు చేస్తారు. అదే ఆ మెట్టు. నేను దిగిన ఒక ఇంట్లో మొదటి రాత్రే చీకట్లో దానికి కాలి బొటనవేలు తగిలించుకున్నాను. మర్నాడు ఫిర్యాదు చేస్తే, కాఫీ తెచ్చిన యానాం కుర్రవాడు నవ్వుతూ, “అది మెట్టు కాదండీ, పైపు” అన్నాడు. వాస్తుశిల్పులు నాలుగు పేజీల్లో చెప్పేది అతను నాలుగు మాటల్లో చెప్పేశాడు.

మెట్టు ఒక్కటే మార్గం కాదు. స్నానాల గదులన్నిటినీ ఇంటి వెనుక గోడకు ఆనించి ఒకదానిపై ఒకటి పేర్చేవారున్నారు. దూలాలు క్షేమంగా ఉంటాయి గానీ, ఆ వైపు గదులు వెనుక కిటికీలను పోగొట్టుకుంటాయి. పైకప్పు పదిహేను అడుగుల ఎత్తున్న పెద్ద హాలయితే మధ్యలో ఏడడుగుల గోడతో ‘గదిలో గది’ కడతారు. పైన కొయ్య దూలాల వరుస చెక్కుచెదరకుండా చివరిదాకా కనిపిస్తుంది. చూడటానికి బాగుంటుంది. లోపల ఎవరు దగ్గినా బయట వినిపిస్తుందన్నది వేరే విషయం.

కట్టడాల పరిరక్షణలో పనిచేసేవారు ఈ మూడింటినీ ఒకే ప్రశ్నతో తూకం వేస్తారు. రేపు వద్దనుకుంటే, పాత ఇంటికి దెబ్బ తగలకుండా దీన్ని తీసేయగలమా? ఎత్తు చేసిన నేలను తీసేయవచ్చు, గదిలో గదినీ తీసేయవచ్చు. కోసిన దూలాన్ని మాత్రం అతికించలేము. అతిథికి చిరాకు పుట్టించే ఏర్పాటే ఇంటికి మేలు చేసేది కావడం ఇక్కడి తమాషా. మెట్టు లేకుండా, నేలకు సమంగా, మూలమూలకూ మెరిసే స్నానాల గది పాత ఇంటి మేడ మీద కనిపిస్తే నాకు ముచ్చట వేయదు, అనుమానం వేస్తుంది. కింద కొయ్య దూలాలు ఉన్నాయా, లేక వాటిని పీకేసి కాంక్రీటు పలక వేశారా?

లిఫ్టు కథా ఇదే. దానికి కింది నుంచి పైదాకా నిలువునా ఒక గుంట తవ్వాలి. ప్రతి అంతస్తులో దూలాలు తెగాలి. అందుకే చాలా ఇళ్లలో లిఫ్టు ఉండదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారితో వెళ్లేవారికి ఇది చిన్న విషయం కాదు. ఇరుకు కొయ్య మెట్లు, ఎత్తైన గడపలు, ఈ మెట్టు. ఇంటికి మంచిది మనిషికి కష్టమయ్యే చోటు ఇది, ఎవరు సర్దుకోవాలన్న దాని మీద ఏకాభిప్రాయం లేదు.

గదికో ధర ఎందుకు?

కొత్త హోటలులో ఒక గది చూస్తే మిగతావన్నీ చూసినట్టే. ఇక్కడ ప్రతి గదికీ పూర్వజన్మ ఉంది. వీధి వైపు పెద్ద గది ఒకప్పుడు అతిథులను కూర్చోబెట్టిన హాలు. మేడ మీది డాబా గది ఇంటి యజమానిది. పెరటి వైపున్నవి వంటిల్లు, సామాన్ల కొట్టు, నౌకర్ల గదులు, గుర్రపుశాల. ‘తోట పక్క గది’ అని అందంగా రాసి తక్కువ ధరకు ఇచ్చేది ఆ వెనుక భాగంలోదైతే ఆశ్చర్యపోనక్కరలేదు. అలాగని అది తీసిపోయిన గదేమీ కాదు. వేసవి మధ్యాహ్నం అన్నిటికన్నా చల్లగా ఉండేది చాలాసార్లు అదే.

చల్లదనం అంటే నడిమి వాకిలి గుర్తొస్తుంది. ముట్రం ఇంటికి ఊపిరితిత్తి. వేడెక్కిన గాలి పైకి పోతుంది, వసారాల్లోంచి చల్లటి గాలి ఆ ఖాళీలోకి వస్తుంది. హోటలు అయ్యాక అక్కడే భోజనాల బల్లలు వేస్తారు. వాన పడితే బల్లలు తడుస్తాయని పైన గాజు కప్పు వేశారనుకోండి, వేడి గాలి లోపలే చిక్కుకుంటుంది. దాన్ని చల్లార్చడానికి ఏసీ, ఏసీ కోసం తలుపులు మూయడం, మూసిన తలుపుల వెనుక మళ్లీ చెమ్మ. ఒక్క గాజు పలక ఇంటి నడక మొత్తాన్ని మార్చేస్తుంది. కప్పు వేయకుండా వదిలేస్తే ఇంకో చిక్కు. ఆ ఇల్లు ఒకరి మాట ఒకరికి వినిపించాలని కట్టినది. వంటింట్లోంచి పిలిస్తే మేడ మీదికి వినపడాలి. ఇప్పుడు కింద బల్ల దగ్గర ఎవరో ఫోనులో వాటాల గొడవ మాట్లాడుకుంటే ఎనిమిది గదులకూ తీర్పు చెప్పే అవకాశం వస్తుంది.

ఎనిమిది గదులతో గడిచేదెలా?

ధర ఇంత ఎందుకని అడిగేవారి కోసం ఒక ఊహాజనిత లెక్క. ఎనిమిది గదుల హోటలుకు జీతాలు, కరెంటు, లీజు అద్దె, లాండ్రీ కలిపి నెలకు 9 లక్షలు అనుకుందాం. ముప్పై రోజులకు 240 గది రాత్రులు. వాటిలో అరవై శాతం నిండితే 144. తొమ్మిది లక్షలను 144తో భాగిస్తే ఒక్కో గది రాత్రికి 6,250 పడుతుంది. ఇందులో లాభం లేదు, అప్పు వడ్డీ లేదు, మరమ్మతులు లేవు.

ఎనభై గదుల హోటలుకు ఖర్చు పది రెట్లు కాదు. కౌంటరు దగ్గర ఇరవై నాలుగు గంటలూ ఒక మనిషి ఉండాలంటే షిఫ్టులు, సెలవులు కలుపుకుని నలుగురు కావాలి. గదులు ఎనిమిదైనా ఆ నలుగురూ తప్పరు. ఎనభై అయినా నలభై మంది అక్కరలేదు. ఖర్చు 40 లక్షలు అనుకుంటే, అదే అరవై శాతం నిండుదలతో 1,440 రాత్రులకు ఒక్కోదానికి సుమారు 2,780. పాత ఇంటి అద్దెలో చరిత్ర పేరిట తీసుకునే దానికన్నా, లెక్క చిన్నది కావడం వల్ల పడే భారమే ఎక్కువ.

పుదుచ్చేరికి ఇంకో మెలిక కూడా ఉంది. చెన్నై నుంచి సుమారు 150 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం బయల్దేరి ఆదివారం రాత్రికి ఇంటికి చేరవచ్చు. అందుకే శని, ఆదివారాలు కిటకిట, మంగళవారం వెలవెల. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పాత పైకప్పులను పరీక్షిస్తాయి, డిసెంబరు చివరలోనేమో గిరాకీ ఎక్కువ. మరమ్మతు చేయాల్సిన రోజులూ సంపాదించుకోవాల్సిన రోజులూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

7,500 అనే గీత

ఇప్పుడు మొదటి బిల్లు దగ్గరకు వద్దాం. గది అద్దె రోజుకు 7,500 లోపు ఉంటే జీఎస్టీ ఇంతకుముందు 12 శాతం. 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం. 7,500 దాటితే అప్పుడూ ఇప్పుడూ 18 శాతమే. దాటిన భాగానికి మాత్రమే కాదు, మొత్తానికి. ఆదాయపు పన్ను శ్లాబులకు అలవాటు పడిన మనం ఇక్కడే పొరబడతాం. 7,500 గదికి పన్ను 375, మొత్తం 7,875. 7,501 గదికి పన్ను 1,350 పైచిలుకు, మొత్తం 8,851. రూపాయి పెంచితే అతిథికి 976 పెరుగుతుంది. అందుకే 7,500ను కాస్త మాత్రమే దాటే ధరలు అమ్మేవారికీ కొనేవారికీ గిట్టుబాటు కానివి.

లెక్కలోకి వచ్చేది గోడ మీద వేలాడదీసిన ధర కాదు, నిజంగా వసూలు చేసిన ధర. 9,000 గదిని మంగళవారం 7,200కు ఇస్తే పన్ను 5 శాతమే. అదే గది శనివారం 18 శాతంలోకి వెళ్తుంది. ఉదయపు ఫలహారం కలిపి ఒకే ధర చెబితే ఆ మొత్తాన్నే చూస్తారు. కాబట్టి ఫలహారంతో 7,800 అన్న గది కన్నా, ఫలహారం లేకుండా 7,400 అన్న గది తీసుకుని బయట ఇడ్లీ తినడం చాలా చవక పడుతుంది.

అయితే 5 శాతంలో ఒక షరతు ఉంది. హోటలు తన కొనుగోళ్ల మీద, తీసుకున్న సేవల మీద కట్టిన పన్నును తిరిగి సర్దుబాటు చేసుకోకూడదు. 18 శాతం వారికి ఆ వీలుంది. 7,000 గదికి పాత పద్ధతిలో బిల్లు 7,840. కొత్త రేటుతో 7,350 కావాలి. పోయిన సర్దుబాటు రాత్రికి 200 అనుకుని హోటలు దాన్ని అద్దెలో కలిపితే అద్దె 7,200, బిల్లు 7,560. అతిథికి తగ్గింది 490 కాదు, 280. రేటు తగ్గితే ధర ఎందుకు అంతే తగ్గలేదన్న కోపం అతిథిది, తగ్గించిన రేటు ఉచితంగా రాలేదన్న వాదన యజమానిది. రెండూ నిజాలే.

దీనికి తోకలాంటిది భోజనం బిల్లు. 2025 ఏప్రిల్ 1 నుంచి, అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో ఏ ఒక్క గదినైనా రోజుకు 7,500 మించి ఇచ్చిన హోటలులోని రెస్టారెంటు 18 శాతం వసూలు చేయాలి. లేకపోతే 5 శాతం. ఎనిమిది గదుల్లో ఏడు 6,000 లోపువే అయినా, డాబా గది ఒక్కసారి 9,000కు పోయిందంటే చాలు. మరుసటి ఏడాదంతా ఆ వాకిట్లో వెయ్యి రూపాయల భోజనం మీద పన్ను 50 కాదు, 180. గది తీసుకోకుండా కాఫీ తాగడానికి వచ్చినవారికి కూడా. పెద్ద హోటలుకు ఇది పట్టదు, దాని గదులు చాలావరకు గీతకు ఒకే వైపున ఉంటాయి. గదికో ధర ఉన్న పాత ఇల్లే గీతకు అటో కాలు, ఇటో కాలు వేసి నిలబడుతుంది.

ఇల్లు దక్కింది, వీధి దక్కిందా?

హోటళ్ల వైపు వాదన బలమైనదే. వాడని ఇల్లు నిలవదు. 2014 నవంబరు వానల్లో పుదుచ్చేరి సముద్ర తీరాన 1870ల నాటి మేరీ భవనం, అంటే పాత పురపాలక భవనం, కూలిపోయింది. అది ఏదో మూలనున్న ఇల్లు కాదు, ఊరి ముఖచిత్రం. దాన్ని అదే రూపంలో మళ్లీ కట్టి 2021లో ప్రారంభించారు. బయటి నుంచి చూస్తే తేడా తెలియదు, కానీ పర్యాటక శాఖ 1950 గీతతో కొలిస్తే అది వారసత్వ భవనం కాదు, కొత్త భవనం. వెయ్యిసార్లు సున్నం రాసి, ఏటా డాబా చూసుకునే హోటలు చేతిలో ఉంటే ఇంటికి కనీసం ఆ గతి పట్టదు. సున్నం పని, కొయ్య పని తెలిసిన మేస్త్రీలకు పని దొరుకుతోంది, ఆ విద్య మరో తరానికి అందుతోంది.

ఎదుటి వాదనలో ఉన్నది ఇంటి గురించి కాదు, ఇరుగుపొరుగు గురించి. వీధిలో పది ఇళ్లు హోటళ్లయితే పది కుటుంబాలు పోయినట్టే. పాలవాడు, ఇస్త్రీ బండి, చిల్లర కొట్టు వాటి వెంటే వెళ్లిపోతాయి. శనివారం వీధి నిండా కార్లు. మిగిలిన ఇంటివారికి ఆస్తి విలువ పెరుగుతుంది, నిద్ర తగ్గుతుంది. ముఖం మాత్రం ఉంచి లోపల అంతా కాంక్రీటుతో కట్టేవారూ ఉన్నారు. పసుపు గోడ మీద బోగన్‌విలియా పాకించిన ఫొటో ఉంటే అతిథి అంతకన్నా లోపలికి చూడడని వారికి తెలుసు. ఆ ఫొటో ధాటికి తమిళ పేట వెనకబడిపోతుంది. పడిపోతున్న ఇళ్లు అటువైపే ఎక్కువ అన్నది నా అభిప్రాయం. పెరుమాళ్ కోయిల్ వీధిలోని మేజోఁ పెరుమాళ్ వంటి హోటళ్లు కొన్ని అటువైపు వచ్చినా, ‘ఫ్రెంచి పుదుచ్చేరి’ అన్న మాటకు ఉన్న ఆకర్షణ ‘తమిళ లోగిలి’ అన్న మాటకు ఇంకా రాలేదు.

మధ్యేమార్గం ఒకటి ఈ ఊళ్లోనే జరిగింది. తమిళ పేటలోని వైశ్యాళ్ వీధిలో ఐరోపా సహాయంతో, వారసత్వ కట్టడాల పరిరక్షణకు పనిచేసే ఇంటాక్ సంస్థ ఆధ్వర్యంలో, ఇళ్ల ముఖభాగాలను, తాళ్వారాలను, అరుగులను బాగుచేశారు. కాపురం ఉన్నవారిని కదిలించలేదు. ఆ వీధికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో చోటు దక్కింది. దానికి ప్రభుత్వ సొమ్ము, బయటి సాయం కావాలి. అది ప్రతి వీధికీ దొరకదు. హోటలుకు అవి అక్కరలేదు, దాని ఖర్చు అతిథి భరిస్తాడు. తేడా అక్కడుంది.

ఆ పేటలోని ఇళ్ల అరుగులు ఒకప్పుడు బాటసారులవి. చీకటి పడితే ఎవరైనా వచ్చి నడుం వాల్చి, తెల్లవారాక లేచి పోవచ్చు. మన ఊళ్లలోనూ అంతే. లోపలికి రానివ్వని ఇల్లు కూడా అరుగు మీద పడుకుంటే అడ్డు చెప్పేది కాదు. నేను కాలి వేలు తగిలించుకున్న ఆ ఇంటికీ అరుగు ఉంది, దాని మీద రెండు పూలకుండీలు, ఒక ఇత్తడి గంగాళం. బయల్దేరే రోజు పొద్దున్న పెట్టెలు పక్కన పెట్టుకుని టాక్సీ కోసం అక్కడే కూర్చున్నాం. వీధిలో పోతున్న పెద్దాయన ఒకరు వచ్చి, కుండీని కాస్త జరిపి, మా పక్కన కూర్చుని, తెగిన చెప్పు పట్టీ బిగించుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా లేచి వెళ్లిపోయారు.